ఉక్కునగరమున చేపల త్రోవ

నదుల చరిత్రను మనవారు రాజ్యముల పేరిటనో, తీర్థముల పేరిటనో వ్రాసినారు. నీటిలో బ్రదుకు ప్రాణుల పక్షమున దానిని చెప్పినవారు అరుదు. అట్లు చెప్పదగిన నదులలో జంషెడ్‌పూరు నానుకొని పారు సువర్ణరేఖ యొకటి.

రాంచీకి చేరువ నగడీ ప్రాంతమున పుట్టి, హుండ్రూ కడ జలపాతమై దుమికి, సుమారు 395 కిలోమీటర్లు నడచి, ఈ నది ఒడిశా తీరమున సముద్రమును చేరుచున్నది. దీని యిసుకను జల్లించి బంగారు రేణువులు ఏరుకొనువారు తరతరములుగ ఉండుటచే ఆ పేరు సార్థకమైనది. మయూరభంజమునుండి వచ్చు ఖర్‌కాయి దీనిలో కలియు చోటును దొముహాని యందురు. రెండు మొగల తావని దాని యర్థము. దిగువనున్న ఘాట్‌శిలలో వంగ నవలాకారుడు విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 1950లో కన్నుమూసెను. ఋత్విక్ ఘటక్ 1965లో విడుదలైన తన చలనచిత్రమునకు ఈ నది పేరే పెట్టెను.

నగరము ఇచట వెలయుటకు నీరే కారణము. భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు మయూరభంజపు ఇనుపరాతిని గూర్చి 1904లో జంషెట్జీ టాటాకు వ్రాసిన లేఖతో కథ మొదలైనది. కర్మాగారమునకు తొలుత సీనీ గ్రామమును పరిశీలించిరి. కాని కొలుములకు చాలినంత నీరచట లేదు. 1907లో వెల్డ్, శ్రీనివాసరావు మొదలగువారు వెదకుచు సాక్చీ పల్లెకు వచ్చి, రెండు నదుల కూడలిని చూచి, ఇదియే తగిన స్థలమని నిశ్చయించిరి. 1911లో ఇనుము, 1912లో ఉక్కు వెలువడినవి. 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డ్ ఆ యూరికి జంషెడ్‌పూరని పేరిడెను. ఉత్తరాంధ్రమునుండి పనికై వెళ్లిన తెలుగువారెందరో అచట స్థిరపడిరి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారి గుర్తు. తెలుగువారికిని ఈ నది ఋణము కొంత కలదు.

చేపకు నీరున్నంత మాత్రమున చాలదు. ఆ నీటిలో కరగిన ప్రాణవాయువు ఉండవలెను. రాతిబొగ్గును కోకుగా కాల్చు కొలుముల నీటిలో ఫినాలు, అమ్మోనియా, సయనైడు ఉండును. శుద్ధి చేయక విడిచినచో అవి జలచరములకు విషములు. అయినను దోషమంతయు కర్మాగారములపై మోపుట న్యాయము కాదు. ఇండ్ల మురుగు కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువును హరించును. ఎగువ రాంచీ మురుగును, ఇచటి పేటల కాలువలును కలిసి నదిని క్రుంగదీసినవి. నీటి కాలుష్య నివారణ చట్టము 1974లోనే వచ్చినది. అయినను 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన 351 కలుషిత నదీభాగములలో సువర్ణరేఖ కూడ చేరినది.

రెండవ బాధ అడ్డుకట్టలది. 1978లో బీహారు, ఒడిశా, పశ్చిమ బెంగాలు రాష్ట్రములు సువర్ణరేఖా పథకముపై ఒడంబడిక చేసికొనినవి. దాని ఫలముగ చాండిల్‌లో ఆనకట్టయు, గాలుడీలో బరాజును లేచినవి. పొలములకు నీరు కావలసినదే. కాని ఏటికెదురీదు చేపకు గోడ గోడయే. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట పులస పయనమునకు అదియే ఎల్ల యైనదని గోదావరి వాసులెరుగుదురు. ఆనకట్టలలో చేపలకు దారి విడువవలెనని ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలోనే హెచ్చరించియుండెను. విన్నవారు తక్కువ.

చేపపిల్లలను తెచ్చి విడిచినచో నది నిండదా యని కొందరందురు. ఈ ప్రశ్నకు సమాధానము ఒడిశాలోనే లభించినది. బొచ్చె, శీలావతి వంటి చేపలు చెరువులో ఎంత పెరిగినను సహజముగ గ్రుడ్లు పెట్టవు. తొలకరి వరదలో పొంగిన ఏటి అంచులే వాటి పురిటిల్లు. 1957 జూలై 10న ఆంగూల్‌లో హీరాలాల్ చౌధురి మరియొక చేప పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి ఆ చేపలచే గ్రుడ్లు పెట్టించెను. ఆ విజయము దేశమునకు చేపల పంట నిచ్చినది. కాని నది లేకున్నను చేప దొరకునను భరోసా నిచ్చి, నదిని మరపించినది గూడ అదియే. చాండిల్ జలాశయములో నిర్వాసితులు పంజరములలో చేపలు పెంచి జీవించుచున్నారు. వారి కష్టార్జితము మెచ్చదగినదే. కాని పంజరపు చేప మనిషిది. ఏటి చేప ఏటిది.

కావున పునరుద్ధరణ యనగా విత్తనము చల్లుట కాదు, నేలను బాగుచేయుట. మురుగు శుద్ధియై నదిని చేరవలెను. వేసవిలో ఆనకట్టలనుండి కొంత నీరు విడువవలెను. ఇసుక త్రవ్వకముచే మడుగులు చెడరాదు, ఏలయన ఎండకాలమున చేపల శరణు ఆ మడుగులే. వరద ప్రాకు గట్టుపల్లములను కట్టడములకు ఈయరాదు. అడ్డుకట్టల వద్ద ఎగబ్రాకు మెట్లు అమర్చవలెను. ఇది కల కాదు. లండను నగరపు థేమ్సు నదిలో జీవము నశించినదని 1957లో శాస్త్రజ్ఞులు చెప్పిరి. మురుగు శుద్ధిశాలలను బాగుచేసిన పిమ్మట 1974లో అందు సాల్మన్ చేప మరల కనబడినది.

జంషెడ్‌పూరును కట్టినవారు నీరున్నచోటు వెదకి వచ్చిరి. సీనీని విడిచి సాక్చీకి రాగల స్వేచ్ఛ వారికుండెను. ఏటి చేపకు అట్టి స్వేచ్ఛ లేదు; నది చెడినచో అది పోవు తావు వేరొకటి లేదు. ఆ నదియే లేనిచో ఈ నగరమునకు సాక్చీయు మరియొక సీనీయే యై యుండెడిది.