ఇంగ్లీషువారి నిద్ర మాటలు



‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నారు మన పెద్దలు. ఒళ్ళు అలిసిన మనిషికి పట్టెమంచమైనా, కటికనేల అయినా ఒకటే. అయితే ఆ అలిసిన మనిషికి కంటినిండా నిద్రపోయే భాగ్యం ఉండేదా? ఈ సంగతి తెలియాలంటే ఇంగ్లీషువారి నుడికారాలను కాస్త విప్పి చూడాలి. మన పిల్లలు అర్థం బట్టీపట్టి వదిలేసే మాటలే ఇవి.

‘హిట్ ది హే’ అంటే నిద్రకు ఉపక్రమించడం. ‘హే’ అంటే ఎండుగడ్డి. పక్క మీద గడ్డేమిటి అంటారా? దూదిపరుపు కలిగినవాళ్ళకే అందే రోజుల్లో, సామాన్యులు ముతక గుడ్డసంచిలో గడ్డో, పొట్టో కుక్కి, దాని మీదే నడుం వాల్చేవారు. ఆ మాట అలా మిగిలిపోయింది.

పడుకోబోయే పిల్లలతో ‘స్లీప్ టైట్’ అంటారు. దీనికో ముచ్చటైన కథ చెబుతారు. వెనుకటి మంచాలకు మన నులకమంచాల్లాగే తాళ్ళు ఉండేవట, వదులైతే బిగించేవారట, అందుకే ‘టైట్’ అట! తాళ్ళ మంచాలు ఉన్నమాట నిజమే. కానీ ఆ మాట వాటి నుంచే పుట్టిందనడానికి ఆధారం లేదు. ‘టైట్’ అంటే గాఢంగా అనే అర్థం కూడా ఆ భాషలో ఉంది. గాఢంగా నిద్రపో అని చెప్పడమే. చెవికింపైన ప్రతి కథా చరిత్ర కాదు సుమండీ!

‘ఫార్టీ వింక్స్’ అంటే చిన్న కునుకు. విలియం కిచినర్ అనే ఆయన 1821లో వేసిన ఆరోగ్య గ్రంథంలో ఈ మాట వాడి, కాసేపు నడుం వాల్చి కునుకు తీస్తే మనిషి తేరుకుంటాడని సలహా చెప్పాడు. 1817లో వంటల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నది కూడా ఈయనే. సలహా బాగానే ఉంది. కానీ మధ్యాహ్నం కునుకు తీసే తీరిక ఎవరికుంటుంది? మిల్లులో నిలబడి పనిచేసే మనిషికి ఉండదు కదా!

ఇక కలల సంగతి. తీరని ఆశను ‘పైప్ డ్రీమ్’ అంటారు. 1890 ప్రాంతంలో అమెరికాలో పుట్టిన మాట. పైపు అంటే నల్లమందు గొట్టం. ఆ పొగ మత్తులో కనే కల అన్నమాట. ఈ నల్లమందు అలవాటును అమెరికాకు తీసుకువెళ్ళింది చైనా వలసకూలీలు. మరి చైనాకు అంత నల్లమందు ఎక్కడిది? బయటి నుంచి వచ్చినదాంట్లో చాలాభాగం మన దేశానిదే. 1773లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్, బీహారు ప్రాంతాల నల్లమందు వ్యాపారం గుత్తకు తీసుకుంది. రైతుకు ముందు బయానా ఇచ్చి, తర్వాత తాను కట్టిన ధరకే సరుకు తీసుకునేది. ఒకరి మత్తుకలకు మరొకరి చెమట!

అన్నిటికన్నా నా మనసుకు పట్టిన మాట ‘నాక్ అప్’. ఇంగ్లండులో దీనికి తలుపు తట్టి నిద్రలేపడమని అర్థం. మిల్లులు, రేవులు తెల్లవారక ముందే పనివాళ్ళను పిలిచేవి. ఆలస్యమైతే కూలి కోత. అలారం గడియారం కొనే స్తోమత లేదు. అందుకని పొడుగాటి వెదురుగడతో మేడమీది కిటికీలు తట్టి లేపే మనుషులు వీధి వీధికీ ఉండేవారు. వారానికి కొన్ని పెన్నీలు జీతం. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. తూర్పు లండన్‌లో మేరీ స్మిత్ అనే ఆమె 1930 ప్రాంతంలో గొట్టంలో ఎండుబఠాణీలు పెట్టి, కిటికీ అద్దాలకు తగిలేలా ఊది లేపేది. వారానికి ఆరు పెన్నీలు తీసుకునేది. గడియారాలు చవకయ్యాక ఆ వృత్తి క్రమంగా మాయమైంది.

వీధంతటినీ లేపే ఆ మనిషి ఎన్నింటికి లేచేదో! ఆ వృత్తి పోయినా ఆ పని పోలేదండీ. రేపు పొద్దున మీ ఇంట్లో అందరినీ లేపేదెవరో, రాత్రి అందరికన్నా ఆఖరున పడుకునేదెవరో ఒక్కసారి లెక్క చూడండి. ఆ ఇల్లాలికీ మధ్యాహ్నం ఓ కునుకు దక్కాలంటే, ఇంట్లో మిగతావాళ్ళు ఏ పని అందుకోవాలో మాత్రం ఇవాళే చెప్పెయ్యండి.