నల్ల కారు మీద సాలెగూళ్ళు: నిర్మల్ దాకా పోయే కథ

నల్ల కారు కొనొద్దని చెప్పేవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉంటారు. ఎండకి కాలిపోతుందని ఒకరు, దుమ్ము కనబడుతుందని ఇంకొకరు, శనిదేవుడి రంగని మరొకరు. అసలు కారణం మాత్రం ఎవరూ చెప్పరు. నల్ల రంగు దేన్నీ దాచుకోదు! కొన్న ఆర్నెల్లకి సాయంత్రం ఎండలో బానెట్ ని ఏటవాలుగా చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు, వాటి మధ్యలో చిల్లర పైసల్లా గుండ్రటి తెల్ల మచ్చలు. గీతల్ని స్విర్ల్ మార్క్స్ అంటారు, మచ్చల్ని వాటర్ స్పాట్స్ అంటారు.

నాదీ నల్ల కారే. ఉద్యోగం హైదరాబాద్ లో, ఇల్లు కరీంనగర్ లో కాబట్టి నెలకి రెండుసార్లైనా రాజీవ్ రహదారి మీద తిరుగుతుంది. దారి పొడుగునా దుమ్ము, ఊరి చుట్టూ గ్రానైట్ క్వారీలు, ఇంటి దగ్గర బోరు నీళ్ళు. నల్ల పెయింటుకి ఎంతమంది శత్రువులు ఉండాలో అంతమందీ ఒకేచోట ఉన్నారన్నమాట. మొన్న ఒక వాషింగ్ సెంటర్లో కుర్రాడు బానెట్ చూసి, "అన్నా, మిషిన్ తోటి ఒక్క రౌండు రుద్దితే అద్దం లెక్క అయితది" అన్నాడు. నిజమే, అవుతుంది. ఎందుకవుతుంది, ఎన్నిసార్లవుతుంది అన్నదే ప్రశ్న. జవాబు కోసం చదువుకుంటూ పోతే అమెరికా కార్ల ఫ్యాక్టరీలన్నీ తిరిగి, చివరికి మన నిర్మల్ కే వచ్చి చేరాను. ఆ కథే ఇది.

ముందు కాస్త ఫిజిక్స్. మెరుపు అనేది పైన పూసే పదార్థం కాదు. ఉపరితలం నున్నగా ఉంటే వెలుతురు అద్దంలోలాగా ఒకే దిక్కుకి తిరిగొస్తుంది, గరుకుగా ఉంటే నలుదిక్కులా చెదిరిపోతుంది. తెల్ల పెయింటు లోపల్నుంచి కూడా బోలెడంత వెలుతుర్ని వెనక్కి పంపుతుంది. గీత చెదరగొట్టే కాస్తంత వెలుతురు అందులో కలిసిపోయి కనబడదు. నల్ల పెయింటు లోపలికి వెళ్ళిన వెలుతుర్ని దాదాపు మింగేస్తుంది. నేరుగా పడిన వెలుతురులో పైపొర తిప్పి పంపేది 4 శాతం దాకా ఉంటుందంతే. అంత చీకట్లో చిన్న గీత కూడా దీపం పెట్టినట్టు కనబడుతుంది. తమాషా ఏంటంటే, ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అడ్డదిడ్డంగా అన్ని దిక్కులా ఉంటాయి. వెలుతురుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మన కంటికి మెరుస్తాయి కాబట్టి దీపం చుట్టూ సున్నాలు చుట్టినట్టు అనిపిస్తుంది. దీపాన్ని పక్కకి జరిపితే సాలెగూడు కూడా దాంతోపాటే జరుగుతుంది. ఇంట్లో స్టీలు పళ్ళెం మీద మీరే చూసుకోవచ్చు.

నల్లటి నునుపు సంగతి మన ప్రాంతానికి కొత్తదేం కాదు. 1163 నాటి హన్మకొండ వేయిస్తంభాల గుడి, 1213 నాటి పాలంపేట రామప్ప గుడి చూసినవాళ్ళకి ఆ నల్లరాతి శిల్పాల నిగనిగ గుర్తుండే ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఉన్న ఆ మెరుపు పూసింది కాదు, అరగదీసింది. ఇవాళ గ్రానైట్ పాలిషింగ్ లో జరిగేదీ అదే. ముతక రాపిడి రాయితో మొదలుపెడతారు, తర్వాత అంతకంటే సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. ప్రతి రాయీ ముందు రాయి పెట్టిన గీతల్ని చెరిపి తన చిన్న గీతల్ని వదిలి వెళ్తుంది. చివరికి మిగిలేవి మన కంటికి ఆనవు. అంటే పాలిష్ చేస్తే గీతలు పోవు, కనబడనంత చిన్నవైపోతాయి. వాషింగ్ సెంటర్ కుర్రాడి మిషన్ చేసేదీ ఇదే పని.

కాకపోతే రాయికి ఒక సౌకర్యం ఉంది. ఎంత అరగదీసినా కింద మళ్ళీ రాయే. పెయింటు కింద మాత్రం రేకు ఉంటుంది. ఇక్కడ్నుంచి కారు కథ మొదలు.

ఒకప్పుడు చైనా, జపాన్ లలో చెట్టు పాలతో లక్క పూతలు వేసేవాళ్ళు. ఆ నల్లటి మెరుపు చూసి ముచ్చటపడిన యూరప్ వాళ్ళు దానికి నకలు తయారుచేసుకుని 'జపాన్' అనే పేరే పెట్టుకున్నారు. తర్వాత్తర్వాత తారు జాతి పదార్థంతో చేసి, పొయ్యిలో కాల్చి గట్టిపరిచే 'జపాన్ బ్లాక్' వచ్చింది. మన అమ్మమ్మల కుట్టుమిషన్లు గుర్తున్నాయా? నల్లటి ఒంటి మీద బంగారు రంగు లతలు. ఆ అందం ఈ వంశానిదే. ఫోర్డ్ మోడల్ టి కారు 1908లో వచ్చినప్పుడు వేరే రంగుల్లోనూ దొరికేది, కానీ 1914 నుంచి 1925 దాకా నల్లగా మాత్రమే వచ్చింది. ఈ పూత చవక, పైగా గట్టిది. మిగతా కంపెనీల రంగురంగుల కార్లకి వార్నిష్ పూతలు పూసి, ఆరబెట్టి, రుద్ది, మళ్ళీ పూసి బయటికి పంపడానికి వారాలు పట్టేది.

ఆ వారాల్ని గంటల్లోకి దించింది డ్యూకో. డ్యూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన పెయింటు ఇది. జనరల్ మోటార్స్ వాళ్ళు తమ 1924 మోడల్ ఓక్లాండ్ కారుకి నీలం రంగులో వేశారు. దీని మూలపదార్థం నైట్రోసెల్యులోజ్. అంటే పత్తి! పత్తిని ఆమ్లాల్లో నానబెడితే తుపాకీ మందు అవుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో డ్యూపాంట్ ఆ మందుని గుట్టలుగా తయారుచేసింది. యుద్ధం అయిపోయాక అంత పెద్ద ఫ్యాక్టరీలతో ఏం చెయ్యాలన్న వెతుకులాటలో బయటపడిన దారుల్లో ఈ పెయింటు ఒకటి. పత్తి గురించి ఆదిలాబాద్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు గానీ, అది కారు మీదికి కూడా ఎక్కిందని నాకైతే అప్పటిదాకా తెలియదు :)

డ్యూకో గుణాలు రెండు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఆరినప్పుడు అది పెద్దగా మెరవదు. చేత్తో రుద్ది మెరిపించాలి. రెండోది, అది కేవలం ద్రావకం ఆవిరై ఆరుతుంది కాబట్టి థిన్నర్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. అందుకని పాత పూత మీద కొత్త పూత వేస్తే రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మన భాషలో చెప్పాలంటే 'అన్ డూ' ఉన్న పెయింటు. మన దేశంలో ఈ పేరు ఎంత పాతుకుపోయిందంటే, ఏ కంపెనీ పెయింటుతో స్ప్రే చేసినా మెకానిక్కులు 'డ్యూకో కొట్టడం' అనే అన్నారు.

ఇప్పుడు నిర్మల్ కి వద్దాం. 2016 అక్టోబర్ లో వేరే జిల్లా అయింది గానీ, అంతకుముందు ఆదిలాబాద్ జిల్లాలోని ఊరే. 17వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడు కళాకారుల్ని చేరదీశాడనీ, ఆయన పేరు మీదే ఊరికి ఆ పేరొచ్చిందనీ చెబుతారు. అక్కడి నకాషీలు చేసే కొయ్యబొమ్మలు అందరికీ తెలుసు. నిర్మల్ చిత్రాలు మాత్రం మన ఐటీ జనానికి ఎక్కువగా ఎవరో రిటైరైనప్పుడు ఇచ్చే బహుమతిగానే పరిచయం. నల్లటి పలక, దాని మీద బంగారు రంగులో అజంతా అమ్మాయిలో, మొగలాయీ రాణులో ఉంటారు. నిజాం కాలంలో సర్ అక్బర్ హైదరీ భార్య లేడీ హైదరీ ఈ కళని ఆదరించి హైదరాబాద్ దాకా తీసుకొచ్చారు. ఒకప్పుడు మొక్కల నుంచి, ఖనిజాల నుంచి తీసిన రంగులే వాడేవాళ్ళు. 20వ శతాబ్దంలో వాటి చోటులోకి వచ్చింది డ్యూకో. అవును, కార్ల డ్యూకోనే! మీ ఇంటి గోడ మీది నిర్మల్ చిత్రానికీ, మీ తాతల కాలం నాటి కారు బానెట్ కీ ఒకటే పెయింటు.

కార్ల పెయింటు వచ్చి సంప్రదాయాన్ని పాడుచేసిందని బాధపడొచ్చు. రంగుల వరకూ ఆ బాధలో న్యాయం ఉంది. కానీ నాకు ఆసక్తిగా అనిపించింది రంగు కింద జరిగే పని. బొమ్మనే తీసుకోండి. తేలికగా, మెత్తగా ఉండే పొనికి చెక్కని చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలు అతికిస్తారు, సందులు పూడుస్తారు. పైన తెల్లమట్టి పూత వేస్తారు. ఆరాక నున్నగా అయ్యేదాకా రుద్దుతారు. ఇదంతా అయ్యాకే రంగు. కింద గరుకుంటే పైన ఎంత ఖరీదైన పెయింటు వేసినా గరుకే కనబడుతుంది, నల్లరంగైతే మరీను. మారింది పైపూత. కింద పొరని రుద్దే ఓపిక మారలేదు. ఆ మెరుపులో సగం పైన రంగు పడకముందే తయారవుతుంది.

ఇక మన కార్లు. డ్యూకో తర్వాత ఎనామెల్స్, యాక్రిలిక్ లు వచ్చాయి. 1970ల్లో యూరప్ లో, 1980ల్లో అమెరికాలో రంగు పొర మీద పారదర్శకమైన క్లియర్ కోట్ వేసే పద్ధతి పాకింది, తర్వాత మనకీ వచ్చింది. రంగు ఒక పొర, మెరుపు ఇంకో పొర. ఫ్యాక్టరీ నుంచే అద్దంలా వస్తుంది, చేత్తో రుద్దాల్సిన పనే లేదు. కానీ దీనికి అన్ డూ లేదు. రసాయనికంగా గట్టిపడిన పొర కాబట్టి థిన్నర్ వేసినా తిరిగి కరిగి కలిసిపోదు. దాని మందం మామూలుగా 40–50 మైక్రాన్లు. మనం ప్రింట్లు తీసే ఏ4 కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు. అంటే మనం చూసి మురిసిపోయే మెరుపంతా సగం కాగితం మందంలో ఉంది. ఎండలోని అతినీల కిరణాల నుంచి రంగుని కాపాడేదీ ఆ పొరే. తేలికపాటి పాలిష్ ఒకట్రెండు మైక్రాన్లు తీస్తుంది, ముతక కాంపౌండ్ అంతకంటే ఎక్కువ తీస్తుంది. ప్రతి పండక్కీ 'ఒక్క రౌండు' రుద్దిస్తే కొన్నేళ్ళకి పై పొర పలచబడి, తెల్లబారి, పొలుసుల్లా లేస్తుంది. అప్పుడు ఆ భాగానికి మొత్తం మళ్ళీ పెయింటు వేయించడమే.

అందుకే గీతలు తీసే ముందు అవి పడకుండా చూసుకోవడం లాభం. ఎక్కువ గీతలు పడేది రోడ్డు మీద కాదు, కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ. మన దుమ్ములో, గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కాఠిన్యం కొలతలో అది 7, ఇనుప మేకు కంటే గట్టిది. పొద్దున్నే పొడిగుడ్డతో, ఈకల బ్రష్ తో కారు దులపడం అంటే ఆ పొడితో రుద్దడమే. ముందు ధారగా నీళ్ళు కొట్టి దుమ్ముని వదిలించాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోడానికి మంచినీళ్ళు. మైక్రోఫైబర్ గుడ్డ వాడాలి, కింద పడితే అదే గుడ్డ మళ్ళీ కారు మీద పెట్టకూడదు.

తెల్ల మచ్చలు బోరు నీళ్ళ పుణ్యం. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నీటి బొట్టు ఎండకి ఆవిరైతే అవి ఉంగరంలా మిగులుతాయి. మన ఎండలు సంగతి తెలిసిందే కదా, బానెట్ మీద నీళ్ళు నిమిషాల్లో ఆరిపోతాయి. కాబట్టి ఎండలో కడగొద్దు, కడిగాక దానంతటదే ఆరనివ్వొద్దు. మచ్చలు పడి ఎక్కువ రోజులు కాకపోతే తెల్ల వెనిగర్ లో అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి, నీడలో, చల్లటి బానెట్ మీద తడిగుడ్డతో ఒక నిమిషం ఉంచి బాగా కడిగేస్తే పోతాయి. రాగి బిందెకి అమ్మ చింతపండు పెట్టే సూత్రమే, ఆమ్లం నిక్షేపాన్ని కరిగిస్తుంది. అలాగని కారుకి చింతపండు రుద్దకండి, అందులో పీచు ఉంటుంది :) అప్పటికీ పోలేదంటే మచ్చ క్లియర్ కోట్ లోకి తినేసిందని అర్థం. అప్పుడు పాలిష్ తప్పదు.

పాలిష్ తప్పనప్పుడు కూడా పద్ధతి గ్రానైట్ వాళ్ళ పద్ధతికి తిరగేసి పెట్టుకోండి. వాళ్ళు ముతకతో మొదలుపెడతారు, మనం అన్నిటికంటే సన్నటి పాలిష్ తో మొదలుపెట్టాలి. ముందు జానెడు చోట ప్రయత్నించి, దానితో పని జరిగితే అక్కడే ఆగాలి. ఒకే దిక్కుకి గిర్రున తిరిగే రోటరీ మిషన్ అనుభవం లేని చేతిలో కొత్త గీతలు పెడుతుంది, డ్యుయల్ యాక్షన్ మిషన్ నయం. లోతైన గీతల జోలికి పోవద్దు. గోరు తగిలి ఆగుతోందంటే ఆ గీత పాలిష్ తో పోదు. ఇంకో మాట, చాలా పాలిష్ లలో గీతల్ని నింపి దాచే నూనెలు ఉంటాయి. నాలుగుసార్లు కడిగేసరికి గీతలు మళ్ళీ ప్రత్యక్షం అవుతాయి. అందుకే డబ్బులిచ్చే ముందు ఒక చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తో తుడిపించి చూడండి.

పది రోజులు దుమ్ముతో ఉన్నా నా కారుని నేను పొడిగుడ్డ ముట్టుకోనివ్వడం లేదిప్పుడు. చూసినవాళ్ళు బద్ధకం అనుకుంటున్నారు, అనుకోనీండి. ఈసారి నాగపూర్ హైవే మీద నిర్మల్ మీదుగా వెళ్తే ఒక పావుగంట ఆగి, నల్ల పలక ఒకటి చేతిలోకి తీసుకుని దీపం కింద ఏటవాలుగా తిప్పి చూడండి. నచ్చితే బేరమాడకుండా కొనండి. మీ బానెట్ మీది మెరుపు మిషన్ చేసిపెట్టింది, ఇది మాత్రం ఎవరో కూర్చుని రుద్దింది.