టీకి జ్వరం చూడటం

ఈ వారం నా ప్రసంగం టీ గురించి. టీ పెట్టడం అందరికీ వచ్చిన విద్యే, దానికి చరిత్ర ఏమిటని అనుకోకండి. మా వంటింటి సంగతితోనే మొదలుపెడతాను.

ఇంగ్లండు వచ్చిన కొన్నేళ్ళకి నేను గ్రీన్ టీ అలవాటు చేసుకున్నాను. ఎలా చేసినా చేదే. కెటిల్లో మరిగిన నీళ్ళు మరిగినట్టే ఆకు మీద పోసేవాణ్ణి మరి. చివరికి ఓ డిజిటల్ థర్మామీటరూ, నిమిషాలు లెక్కపెట్టి మోగే టైమరూ కొన్నాను. అప్పుడే తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ, నేను నీళ్ళలో థర్మామీటరు ముంచి నిలబడటం చూసి, "ఏమిట్రా, టీకి జ్వరం వచ్చిందా?" అంది. నవ్వేశాను గానీ, ఈ పరికరాలు లేని రోజుల్లో నీళ్ళ అదును ఎలా తెలుసుకునేవారన్న ప్రశ్న నన్ను పట్టుకుంది.

మొదట కంటితోనే. 8వ శతాబ్దంలో చైనాలో లూ యూ అనే ఆయన 'చా జింగ్' అని టీ మీద ఒక పుస్తకం రాశాడు. అందులో నీళ్ళకు మూడు మరుగులు చెప్పాడు. చేపకళ్ళ లాంటి బుడగలు లేచి సన్నగా చప్పుడైతే మొదటిది. అప్పుడు కాస్త ఉప్పు వేయాలి. అంచుల వెంట ముత్యాల పేరులా బుడగలు లేస్తే రెండోది. అప్పుడు ఓ గరిటెడు నీళ్ళు తీసి పక్కన పెట్టి, టీ పొడి వేయాలి. అలలు లేచి పొంగబోతే మూడోది. తీసిపెట్టిన నీళ్ళు పోసి దాన్ని అణచాలి. అది దాటితే నీళ్ళు ముదిరినట్టే. "చారు ఒక పొంగు రానిచ్చి దించు" అని మన ఇళ్ళలో అంటారే, ఇదీ ఆ లెక్కే.

తరవాత చెవి పని మొదలైంది. 11వ శతాబ్దానికి, సుంగ్ రాజుల కాలంలో, నీళ్ళు సన్నమూతి కూజాలో కాచి, గిన్నెలోని టీ పొడి మీద పోసి గిలక్కొట్టేవారు. కూజాలో నీళ్ళు కంటికి కనబడవు. అందుకే నీళ్ళ అదును కనిపెట్టడమే అన్నిటికన్నా కష్టమని త్సాయ్ షియాంగ్ అనే అధికారి తన టీ పుస్తకంలో రాశాడు. ఆ తరవాతి వాళ్ళు చప్పుడును బట్టి అదును పట్టడం నేర్చారు. మన అమ్మమ్మలు ఎసరు చప్పుడు విని బియ్యం పోసినట్టే.

మన కెటిల్ తెచ్చిన చిక్కూ సరిగ్గా అదే. మరగగానే తనంతట తానే ఆగిపోయే కెటిల్‌ను రస్సెల్ హాబ్స్ వారు 1955లో తెచ్చారు. ఆవిరి తగిలితే లోపలి లోహపు రేకు వంగి కరెంటు ఆపేస్తుంది. నీళ్ళ దగ్గర నిలబడే పని తప్పింది, దానితోపాటే నీళ్ళను చూసే అలవాటూ పోయింది. బ్లాక్ టీకి మరిగే నీళ్ళే కావాలి గనక ఇబ్బంది లేదు. గ్రీన్ టీకి 70, 80 డిగ్రీలు చాలు. అంతకన్నా వేడైతే చేదూ వగరూ ఇచ్చే పదార్థాలు ఎక్కువగా దిగుతాయి. జపాను వాళ్ళు మరిగిన నీళ్ళను ముందు 'యుజమషి' అనే గిన్నెలోకి ఒంపి, చల్లార్చి ఆకు మీద పోస్తారు. నాకా ఓపిక లేక థర్మామీటరు కొన్నాను.

ఇక టైమరు సంగతి. 1980లో టీ చేసే పద్ధతికి ఐ.ఎస్.ఓ. 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. ఇది మంచి టీకి కిటుకు కాదు. ఎక్కడ రుచి చూసినా ఒకే కొలతతో పోల్చుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. దీని బ్రిటిష్ రూపానికి 1999లో, జనాన్ని నవ్వించే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. చదివి నేనూ నవ్వాను. కొలత విలువ నాకు తెలిసింది మా ఇంట్లోనే.

అమ్మకు అప్పటికే కళ్ళలో శుక్లాలు. పాలు పొంగేది సరిగా కనబడదు. వంటింట్లో ఫ్యాను రొదకి చప్పుడు వినబడదు. రెండుసార్లు టీ పొంగి పొయ్యి మీద పడింది. మర్నాటి నుంచి "నువ్వే పెట్టు నాయనా" అని కూర్చుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ పొద్దున్నే ఇంటిల్లిపాదికీ టీ ఇచ్చిన మనిషి, గ్లాసు కోసం నా వైపు చూస్తుంటే నాకు కష్టమనిపించింది.

ఓ ఆదివారం అమ్మ చెప్పినట్టే చేస్తూ కొలిచాను. థర్మామీటరు ఏమీ చెప్పలేదు. మరగడం మొదలయ్యాక ఎంత సెగ పెట్టినా 100 దగ్గరే నిలబడింది. మన పాలటీ గుట్టంతా ఎంతసేపు అన్నదానిలోనే ఉంది. టైమరు చెప్పింది: అల్లం, టీ పొడి మరిగాక 4 నిమిషాలు, సెగ తగ్గించి పాలు పోశాక 5 నిమిషాలు. "నా టీ అంతేనా!" అంది అమ్మ.

తక్కువ సెగ దగ్గర తడిమితే చేతికి తగిలేలా పొయ్యి మీట మీద ఓ చుక్క అంటించి, టైమరు ఆమె చేతికిచ్చాను. మర్నాటి నుంచి మళ్ళీ అమ్మే టీ పెట్టింది.

తెనాలి వెళ్ళాక శుక్లాలు తీయించుకుంది. ఇప్పుడు పొంగు బాగానే కనబడుతోందట. అయినా వెళ్ళేటప్పుడు ఆ టైమరు తనతో తీసుకుపోయింది. ఫోనులో మాట్లాడుతుంటే వెనక అది మోగుతుంది. "ఉండరా, దించి వస్తా" అంటుంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు టీ పెడుతున్నప్పుడు మీరూ ఓసారి పక్కన నిలబడి నిమిషాలు లెక్కపెట్టి రాసుకోండి. సెలవు.