నిజాం పసుపు కారు: రాసినవాళ్లు మరిచిపోయిన డ్రైవర్ చేతులు



ఈసారి మనం ఒక కారు గురించి మాట్లాడుకుందాం. సికింద్రాబాద్ హాస్టళ్లలో ఉండే మనలో చాలామంది చౌమహల్లా ప్యాలెస్ చూసే ఉంటారు. అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటి ఉంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చాడు, కానీ ఎక్కి కూర్చోకుండానే 1911 ఆగస్టులో చనిపోయాడు. ఇంజిన్, చాసిస్ రోల్స్ రాయిస్‌వి. పైన బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందరం దాని ముందు ఫొటో దిగి వచ్చేస్తాం. లోపల ఏముందో చూద్దాం పదండి.

ఇప్పుడు సూపర్ కార్ అంటున్నామే, ఆ రోజుల్లో ఇది అలాంటిదే. 1907లో ఈ మోడల్ కారు ఒకటి బండి తప్పు వల్ల ఆగకుండా 14,371 మైళ్లు, అంటే దాదాపు 23,000 కిలోమీటర్లు తిరిగింది. 1911లో ఇంకొకటి లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా పోయి, టాప్ గేర్‌లోనే తిరిగొచ్చింది.

ఇంజిన్ ఆరు సిలిండర్లు, దాదాపు 7.4 లీటర్లు. అంత పెద్ద ఇంజిన్ ఇచ్చే శక్తి మాత్రం 50 హార్స్‌పవర్ లోపే. ఇవాళ 1.2 లీటర్ల చిన్న కారు కూడా 80 ఇస్తోంది కదా అంటారేమో. అప్పటి పెట్రోల్ నాసిరకం. ఎక్కువ ఒత్తిడి పెడితే ఇంజిన్ కొట్టుకునేది. అందుకే కంప్రెషన్ 3 చుట్టుపక్కలే ఉంచారు. ఇప్పటి బండ్లలో అది 10 దాకా, ఆ పైన కూడా ఉంటుంది. కానీ తక్కువ వేగంలోనే లాగే బలం చాలా ఎక్కువ. జనం మధ్య నడక వేగంతో, కుదుపు లేకుండా పోవాల్సిన ఊరేగింపు బండికి సరిగ్గా కావాల్సింది అదే.

ఇక నడపడం. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. ముందు హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. స్పార్క్ ఎప్పుడు పడాలో స్టీరింగ్ దగ్గరున్న చిన్న లివర్‌తో డ్రైవరే సర్దాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఒకలా, చదును మీద ఇంకోలా. గేర్లకు సింక్రోమెష్ లేదు కాబట్టి డబుల్ క్లచ్ కొట్టాలి, లేకపోతే పళ్లు గరగరమంటాయి. ముందు చక్రాలకు బ్రేకులే లేవు. ఈ మోడల్‌కు అవి వచ్చింది 1924లో. ఇంజిన్ చప్పుడు చెవితో విని, స్టీరింగ్ అదురు అరచేతితో పట్టి, ఆపాల్సిన చోటు చాలా ముందే చూసుకోవాలి. ఇంజిన్ లండన్ బాడీ కింద ఉన్నా, దాని తెలివంతా నడిపేవాడి చేతుల్లోనే ఉండేది.

మరి ఆ చేతులు ఎవరివి? ఆర్డర్ ఇచ్చిన నిజాం పేరు తెలుసు, బాడీ కట్టిన కంపెనీ పేరు తెలుసు. హ్యాండిల్ తిప్పినవాడి పేరు, చక్రం కింద పడుకుని గ్రీజు పెట్టినవాడి పేరు కారు కథ చెప్పేవాళ్లెవరూ చెప్పరు. మనకు ఇది కొత్త కాదు కదా. అదే రాజ్యంలో, అదే కాలంలో మన తాతల అడవికి గీతలు గీసి, పశువుల మేతకు పన్ను వేసి, పోడు కొట్టుకుంటే కేసులు పెట్టారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ ప్రాణం ఇస్తే గానీ సర్కారు మన గూడేల వైపు సరిగ్గా తిరిగి చూడలేదు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది ఆ తర్వాతే. భీమ్ పేరు నిలిచింది నిజమే. ఆయనతో పడిపోయినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి నోటికొస్తాయి?

కారు ప్యాలెస్‌లో ఉండిపోయింది. జనానికి అందిన ఇంజిన్ వేరే. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఇవాళ మనం ఎక్కే ఆర్టీసీకి అదే మొదలు. ఆ బస్సులకూ కంప్యూటర్ లేదు, డ్రైవర్ చేతులే ఆధారం. తర్వాత ఏళ్లకేళ్లకు, ఎక్కడో ఒక మట్టి రోడ్డు మీదుగా, అలాంటి బస్సే మన ఊరికీ వచ్చింది. మనలో చాలామందిమి కాలేజీకి వచ్చింది ఆ దారినే.

అందుకే ఒక పని చేద్దాం. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు పెద్దవాళ్లను అడగండి: మన ఊరికి మొదటి బస్సు ఏ ఏడు వచ్చింది? దాన్ని నడిపింది ఎవరు? ఆ రోడ్డుకు మట్టి మోసింది ఎవరు? పేర్లతో సహా రాసి గ్రూపులో పెట్టండి. నిజాం కారు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మన రోడ్డు గురించి మనమే రాయాలి, అది కూడా ఆ పెద్దవాళ్లు మన మధ్య ఉన్నప్పుడే.

జై ఆదివాసీ.