క్రయ దస్తావేజు భాష: మితాక్షర నుండి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం వరకు

శాసన భాషపై మనకు విస్తారమైన పరిశోధన ఉంది. ఆ శాసనాల వారసత్వాన్ని నేటికీ మోస్తున్న క్రయ దస్తావేజుకు మాత్రం అంతటి పరిశీలన దక్కలేదు. ఇల్లు కొనే కుటుంబం ఆయుష్కాలపు పొదుపును ఈ పత్రం మీద నిలుపుతుంది, కాని దానిని ఆసాంతం చదివేవారు తక్కువ. వాక్యాలు దీర్ఘాలు, పదాలు కొన్ని సంస్కృతం, కొన్ని పారసీకం. ఈ భాషలో ఏ భాగం ఎక్కడి నుండి వచ్చింది, అందులో ఏది కొనుగోలుదారుని నిజంగా కాపాడుతుంది అన్న రెండు ప్రశ్నలను కలిపి పరిశీలించడం ఈ వ్యాస ప్రయోజనం.

కల్యాణి చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమనే పేర ఆ ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. భూమి చేతులు మారడానికి ఆరు కావాలన్న స్మృతివచనాన్ని మితాక్షర చర్చిస్తుంది: గ్రామం, జ్ఞాతులు, సామంతులు, దాయాదులు వీరి అనుమతి, సువర్ణం, ఉదకం వీటి దానం. ఇక్కడ సామంతులంటే రాజులు కారు, పొలిమేర పంచుకొనే ఇరుగుపొరుగువారు. విజ్ఞానేశ్వరుడు ఒక్కొక్క అనుమతికి చెప్పిన కారణం గమనించదగినది. గ్రామానుమతి వ్యవహారం బహిరంగం కావడానికి, సామంతానుమతి హద్దు తగాదా రాకుండడానికి. జ్ఞాతుల అనుమతి వారు విభక్తులా అవిభక్తులా అన్న సందేహం తరువాత తలెత్తకుండా ఉండడానికి. స్థావరాన్ని అమ్మరాదన్న నిషేధం ఉన్నందున విక్రయానికి దానరూపం తొడిగి, నీటిధార వదలవలసి వచ్చింది. ‘ధారాదత్తం’ అన్న మాట అట్టి దానవిధి నుండి వచ్చినదే. నేడది అయినవారికి అప్పనంగా కట్టబెట్టడమనే నిందార్థంలో పత్రికల పాలైంది.

ఈ ఆరింటిలో సువర్ణోదకాలు గతించాయి. మిగిలిన అనుమతులు రూపం మార్చుకొని దస్తావేజులోనూ దాని చుట్టూ ఉన్న వ్యవస్థలోనూ జీవిస్తున్నాయన్నది నా ప్రతిపాదన.

గ్రామానుమతి స్థానాన్ని ఆక్రమించినది రిజిస్టరు. 1864 నాటి చట్టంతో మొదలైన రిజిస్ట్రేషన్ విధానం 1908 చట్టంలో నేటి రూపానికి వచ్చింది. 1882 ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం నూరు రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరైన పత్రం ద్వారానే సాగాలి. రిజిస్టరులో ఉన్నది కొనుగోలుదారునికి తెలిసినట్లే చట్టం భావిస్తుంది, చూడలేదన్న వాదన చెల్లదు. ఈసీ అని వ్యవహరించే ఋణభార ధ్రువపత్రం తీయమని పెద్దలు చెప్పేది ఇందుకే. అయితే ఊరి రచ్చ తెలిపినంత రిజిస్టరు తెలపదు. మూల దస్తావేజులను బ్యాంకులో ఉంచి తెచ్చిన అప్పు, రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకం దానికి అందకపోవచ్చు. విక్రేత నకళ్లు మాత్రమే చూపితే అసళ్లు ఎక్కడున్నాయని అడగవలసినది అక్కడే. అడిగినప్పుడు హక్కు పత్రాలు చూపడం విక్రేత బాధ్యత అని అదే చట్టం 55వ సెక్షన్ చెబుతున్నది. పైగా రిజిస్ట్రేషన్ లావాదేవీకి సాక్ష్యమే గాని, అమ్మినవానికి హక్కు ఉన్నదన్న ప్రభుత్వ హామీ కాదు.

సామంతుల సంగతి మరింత ఆసక్తికరం. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో ప్రశస్తి సంస్కృతంలో సాగుతుంది, ఎల్లలు చెప్పే చోట తెలుగు ఊళ్ల పేర్లు, తెలుగు మాటలు తొంగిచూస్తాయి. రాజు వంశకీర్తి ఏ భాషలో ఉన్నా పొరుగువానికి నష్టం లేదు, హద్దు మాత్రం వానికి అర్థమయ్యే మాటలో ఉండాలి. నాటి ఎల్లలు చెరువు, పుట్ట, చెట్టు, రాయి. నేటి చెక్కుబందీలో తూర్పు ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి ఖాళీస్థలం అని ఉంటుంది. పొరుగువారు అమ్ముకొని వెళ్లిపోయాక కూడా తరువాతి దస్తావేజులు ఆ పేర్లనే ఎత్తి రాస్తూ ఉంటాయి, చనిపోయినవారు దశాబ్దాల పాటు సరిహద్దులుగా నిలిచి ఉంటారు. ఇది కేవలం లేఖరి అలసత్వంగా తీసివేయరాదు. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యమిస్తాయి. కనుక షెడ్యూలులోని ఆ నాలుగు పంక్తులను స్థలం మీద నిలబడి, కొలతలతో సరిచూచి చదవాలి.

జ్ఞాతుల, దాయాదుల అనుమతి నేడు విక్రేతల పట్టికలోని సంతకాలుగా మారింది. దస్తావేజు భాష చట్టానికి వెనుకబడినది ప్రధానంగా ఇక్కడే. ఉమ్మడి ఆస్తిని తండ్రీ కొడుకులు అమ్మిన పత్రాలలో కుమార్తెల ఊసు ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి వివాహం కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మతః హక్కు కల్పించింది. 2005 కేంద్ర సవరణ వివాహిత, అవివాహిత భేదాన్ని తొలగించింది, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన బదలాయింపులను మాత్రం కదల్చలేదు. కొనదలచిన ఇల్లు విక్రేతకు పిత్రార్జితమైతే ఆయనకు అక్కచెల్లెళ్లు, కుమార్తెలు ఎందరని అడగడం మర్యాదాతిక్రమణ కాదు. విజ్ఞానేశ్వరుడు చెప్పిన సందేహనివృత్తి అదే. దస్తావేజు మాత్రం ఇప్పటికీ ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా’ అనే అంటున్నది. ఈ పదబంధం వారసత్వయోగ్యమైన సంపూర్ణ హక్కును సూచిస్తుందని, స్వీకర్త స్త్రీ అయినా అదే అర్థమని ప్రీవీ కౌన్సిల్ 19వ శతాబ్దిలోనే తేల్చింది. కనుక దీనివల్ల ఆడపడుచుకు చట్టరీత్యా నష్టం లేదు. సంతకాల చోట ఆమెను మరపించే అలవాటుకు మాత్రం ఈ నుడికారం తోడ్పడిందని నా అభిప్రాయం.

ఇక దస్తావేజులో అందరి చెవికీ ఇంపైనది అష్టభోగ వాక్యం. విజయనగర తామ్రశాసనాలలో నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే ఎనిమిది భోగాలు కనిపిస్తాయి. నేటి పత్రాలలో ‘జల తరు పాషాణ’ అన్న వరుస వినవస్తుంది. అర్థం మరుగైన అక్షీణి జారిపోయి, ఆ ఖాళీలోకి కంటికి కనిపించే తరువు ప్రవేశించిందని ఊహించవచ్చు. శాసనాల ‘దానాధమనవిక్రయ’లోని ఆధమనం కూడా మరుగున పడింది, ఆ పనిని తనఖా అన్న అన్యదేశ్యం చేస్తున్నది. అయిదో అంతస్తులోని ఫ్లాటును, దానితో వచ్చే అవిభాజ్యపు భూమి వాటాను అమ్మేటప్పుడు కూడా లేఖరులు ఈ నిధినిక్షేపాలను వదలరు. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. పత్రంలో రాసుకున్నంత మాత్రాన అది కొన్నవాని సొత్తు కాజాలదు.

వాక్య నిర్మాణంలో ఇంకొక విశేషం ఉంది. దస్తావేజు మొదటి నుండి చివరి వరకు విక్రేత కొనుగోలుదారుతో ‘మేము’, ‘మీరు’ అని పలికే మాట. ఆ మాటలు కూర్చేది లేఖరి, వేరే ఒప్పందం లేకపోతే స్టాంపు ఖర్చు కొనుగోలుదారునిది. అందుచేత తన పేర పలికే వాక్యాలను ముందుగా చదివి సవరింపజేసుకొనే అవకాశం కొనేవారికి ఉంటుంది. అట్లా చదివినపుడు సంస్కృత సమాసాలు తగ్గిన చోట కన్ను నిలపాలి: సొమ్ము ‘ముట్టినది’ అన్న చోట, ఇల్లు స్వాధీనపరచిన తేదీ చెప్పే చోట, ఈ ఆస్తిని ఇంతకు ముందు ఎవరికీ అమ్మలేదు, తనఖా పెట్టలేదు, జప్తులో లేదు, హక్కులో లోపం బయటపడితే నష్టం మేమే భరిస్తాము అన్న చోట. తనకు అమ్మే అధికారం ఉన్నదన్న హామీ రాయకపోయినా, వేరే ఒప్పందం లేనంతవరకు ఇచ్చినట్లే 55వ సెక్షన్ భావిస్తుంది. పాత ప్రతి చూచి కొత్తది రాసే ఆనవాయితీలో అష్టభోగాలు ఒక్కటీ తప్పిపోవు. ఈ చివరి పంక్తులు మాత్రం ఒక్కొక్క పత్రంలో ఒక్కొక్క తీరున ఉంటాయి, కొన్నింటిలో సగమే ఉంటాయి.