రేడియోలో పాడిన కంప్యూటరు

నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి చేతిలోని సెల్‌ఫోను, 1975 నాటి పెద్ద గణకయంత్రములకంటె ఎంతో వేగముగా లెక్కలు చేయగలదు. అయినను దానిలో ఏమి జరుగుచున్నదో ఎరిగినవారు కొద్దిమందియే. కంప్యూటరును ఇంటివద్ద తమ చేతులతో కూర్చుకొనినవారు మాత్రము దానిని మరియొక విధముగా ఎరిగియుండిరి. వారి చరిత్రలోని ఒక చిన్న ఘట్టమును ఇచట చెప్పుదును.

1970వ దశకపు ఆరంభమున కంప్యూటరులు విశ్వవిద్యాలయములలోను, ప్రభుత్వ కార్యాలయములలోను, పెద్ద సంస్థలలోను ఉండెడివి. సామాన్యుడు వానిని తాకుటయే అరుదు. 1975 జనవరిలో అమెరికాలోని ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక, ఆల్టేర్ 8800 అను యంత్రమును ముఖచిత్రముగా ప్రకటించెను. ఆల్బుకర్కీ నగరములో ఎడ్ రాబర్ట్స్ నడుపుచుండిన మిట్స్ అను చిన్న సంస్థ దానిని విడిభాగములుగా, 400 డాలర్లకు లోపు వెలకే అమ్మజూపెను. కొన్నవారు ఆ భాగములను టంకముతో తామే అతుకుకొనవలెను.

యంత్రము సిద్ధమైన పిదపను దానికి తెర లేదు, అక్షరముల మీటలు లేవు. ముందుపలకపై స్విచ్చులును, ఎఱ్ఱని చిన్న దీపములును మాత్రమే కలవు. మూలపరికరములోని జ్ఞాపకస్థానము 256 బైట్లు. ప్రతి ఆదేశమును సున్నలు, ఒకట్లుగా విడదీసి, స్విచ్చులను పైకిని క్రిందికిని త్రోసి లోనికి పంపవలెను. విద్యుత్తు ఆగినచో అంతయు చెరిగిపోవును. ఇట్టి యంత్రముతో ప్రయోజనమేమి?

ఆ సంవత్సరము మార్చి 5న, కాలిఫోర్నియాలోని మెన్లోపార్కులో, గోర్డన్ ఫ్రెంచ్ అను ఆయన ఇంటి కారుషెడ్డులో కొందరు ఔత్సాహికులు సమావేశమైరి. అట్లు హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు పుట్టెను. ఏప్రిలు సమావేశమునకు స్టీవ్ డాంపియర్ అను సభ్యుడు తన ఆల్టేరును, ఒక చిన్న రేడియోను తెచ్చెను. రెంటికిని నడుమ తీగ ఏదియు లేదు. ఆతడు ఓపికతో ఆదేశములు ఎక్కించి యంత్రమును నడపగా, ప్రక్కనున్న రేడియో బీటిల్స్ బృందము వారి పాట యొకటి వినిపించెను. సభికులు కరతాళధ్వనులు చేసిరి.

ఇందలి రహస్యమేమి? విద్యుత్ప్రవాహము త్వరత్వరగా మారినచో విద్యుదయస్కాంత తరంగములు పుట్టును. ఆల్టేరునుండి వెలువడిన అట్టి తరంగములు రేడియోలో గరగర శబ్దము కలిగించుచుండెను. ఆల్టేరు గడియారము సెకనుకు 20 లక్షల స్పందనములు ఇచ్చును. ఒక ఆదేశమాల సుమారు 4545 స్పందనములకు ఒకసారి మరల మొదలగునట్లు అమర్చినచో, అది సెకనుకు 440 మారులు తిరుగును. పాశ్చాత్య వాద్యములను శ్రుతిచేయుటకు వాడు ప్రమాణ స్వరపు పౌనఃపున్యము ఇదియే. మాలను పొడిగించినచో స్వరము తగ్గును. కురచ చేసినచో హెచ్చును. ఇతరులకు లోపముగా తోచు గరగరను డాంపియర్ ఈ విధముగా గానముగా మార్చెను.

ఆతడు ఈ పద్ధతిని దాచుకొనక పత్రికలో ప్రచురించెను. స్టీవ్ వోజ్నియాక్ తన యాపిల్-1 వలయచిత్రములను క్లబ్బువారికి ఉచితముగా పంచెను. అయితే పంచుకొనుట వివాదమునకును దారితీసెను. ఆల్టేరు కొరకు బిల్ గేట్స్, పాల్ ఆలెన్ మొదలగువారు వ్రాసిన బేసిక్ ప్రోగ్రామును పలువురు వెల చెల్లింపకయే నకలు తీసికొనిరి. 1976 ఫిబ్రవరిలో గేట్స్ బహిరంగలేఖ వ్రాసి, అది దొంగతనమని నిందించెను. శ్రమకు ఫలము లేనిచో మంచి ప్రోగ్రాములు ఎవరు వ్రాయుదురని అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. తాను కనుగొనినది పంచుట వేరు. ఇతరుని శ్రమను అడుగక తీసికొనుట వేరు. ఈ రెంటి నడుమ గీత ఎచట గీయవలెనన్న చర్చ నేటికిని ముగియలేదు.

2008లో యాపిల్, గూగుల్ సంస్థలు సెల్‌ఫోను యాప్‌లకు అంగళ్ళు తెరచెను. నాటినుండి ఇంట కూర్చుండి వ్రాసిన ప్రోగ్రాము కూడ లోకమంతటికి చేరగలుగుచున్నది. కాని ఫోను మూసిన పెట్టె. అందలి గుట్టు విద్యార్థికి కనబడదు.

కావున ఉపాధ్యాయులకు ఒక సూచన. ఆర్డ్యూనో వంటి చిన్న ప్రోగ్రాము పలకను బ్యాటరీతో నడుపుడు. దాని ఒక కొనకు జానెడు తీగ తగిలించి, ఆ కొనలో విద్యుత్తు సెకనుకు కొన్ని వందల మారులు వచ్చిపోవునట్లు ఆదేశమిండు. ప్రక్కనే మధ్యతరంగ రేడియోను, స్టేషను పలుకని చోట త్రిప్పి ఉంచుడు. డాంపియరుకు వినబడిన గరగరయే మీ విద్యార్థులకును వినబడును. దానిని స్వరముగా మార్చు పనిని వారికే విడువుడు.