నడుం నొప్పీ, చెక్కబల్లా, కొండదారీ

నడుం నొప్పి ఎరగని ఆడమనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి చూసివస్తాను. నాకు పదిహేనేళ్ళ కిందట ఓ కార్తీకమాసపు ఉదయం, నీళ్ళ బకెట్టు ఎత్తబోతుంటే పట్టేసింది. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. ఇక చూడండి, ఇంటినిండా వైద్యులే! మా అత్తగారు వావిలాకు నీళ్ళు కాచారు. పక్కింటి పిన్నిగారు ఎదురుకాళ్ళతో పుట్టిన మనవణ్ణి వెంటబెట్టుకొచ్చి, వాడిచేత మూడుసార్లు తన్నించుకోమన్నారు. తన్నించుకున్నాను కూడాను! ఏం చేస్తాను, నొప్పి అలాంటిది. చివరికి ఓ డాక్టరుగారు, "నెలరోజులు చెక్కబల్ల మీంచి లేవకండి" అన్నారు. నెల తిరిగేసరికి నొప్పి ఉన్నచోటే ఉంది, కాళ్ళల్లో సత్తువ మాత్రం పోయింది.

ఈ 'పడుకో' అనే వైద్యం ఎప్పటిదా అని తరవాత పుస్తకాలు తిరగేశాను. నడుంలో పుట్టి కాలిలోకి దిగే నొప్పికి చరకుడు గృధ్రసి అని పేరుపెట్టాడు. తైలం, చెమట పట్టించడం, వస్తి చెప్పాడు. మంచం వైభవమంతా పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండుది. 1863లో జాన్ హిల్టన్ అనే సర్జను విశ్రాంతి మహిమ మీద ఏకంగా పుస్తకమే వేశాడు. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ ఇంకా గట్టివాడు. తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబంలో పుట్టినా, కదలకుండా, ఎడతెగకుండా పడుకోవాలనేది ఆయన మాట. 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు, వెన్నుపూసల మధ్య చక్రం జారి నరాన్ని నొక్కుతుందని చూపించారు. ఇక 'డిస్కు జారింది' అన్నమాట వినగానే మనిషి బల్ల ఎక్కడమే.

నిరుడు అరకు వెళ్ళాను. బైలదిల్లా ఇనపరాయిని విశాఖ రేవుకు దింపి జపాను పంపడానికని 1960లలో వేసిన రైలుదారి అది. సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరచిపోయాను. సంతలో అడ్డాకుల కట్టలూ, పిప్పళ్ళ మోడీ పెట్టుక్కూచున్న ఒకామె పక్కన చతికిలబడి, "మీకు నడుం నొప్పి వస్తే ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

"దిసారి వేర్లిత్తాడు. ఇప్పనూనె రాత్తాం. తగ్గుద్ది, మల్లీ వత్తాది."

దిసారి అంటే వాళ్ళలో ముహూర్తమూ పెట్టి, మందూ ఇచ్చే పెద్ద. నా చెక్కబల్ల కథ చెబితే ఆమె నవ్వింది. "నెల్రోజులు తొంగుంటే నీల్లెవులు తెత్తారమ్మా?"

కొండవాళ్ళకి నడుం నొప్పులే ఉండవని మనలో కొందరు మురిపెంగా చెబుతుంటారే, అది ఉత్తమాట. నొప్పి ఉంది, మంచం లేదు, అంతే.

చేతిలోకి తీసుకున్న ఆ మోడి వంక చూస్తే నా బాలింతరోజులు గుర్తొచ్చాయి. మా అమ్మ పెట్టిన కాయంలో శొంఠితోపాటు పడ్డది ఇదే. పాడేరు, చింతపల్లి కొండల్లో పండేది. మైదానంలో మన నడుములు గట్టిపడాలని చేసుకునే మందు, అక్కడ ఒకరి నెత్తిమీదో కావడిలోనో సంతకు దిగాలి. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టి అటవీ సరుకు కొనడం మొదలెట్టింది. అయినా సరుకు సంతదాకా మోసేది వాళ్ళే కదా! అసలు 1922లో గూడెం కొండలు అల్లూరి సీతారామరాజు వెనక నడవడానికి ఒక కారణం కూడా ఇలాంటి బరువే. డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ సరైన కూలివ్వకుండా వాళ్ళచేత కొండరోడ్డు పని చేయించాడు. ఆ రాళ్ళు మోసిన నడుములకు ఎవరు ఏ తైలం రాశారో, ఏ దస్తావేజులో ఉంటుంది?

ఇక్కడ తమాషా ఏమిటంటే, పెద్ద డాక్టర్లు చివరికి ఆ సంతామె మాటకే వచ్చారు. 1986లో అమెరికాలో రిచర్డ్ డేయో బృందం పరీక్షించి చూస్తే, వారం పడుకోమన్నవాళ్ళకన్నా రెండురోజులు పడుకోమన్నవాళ్ళే ముందుగా పనుల్లోకి వెళ్ళారు. 1995లో ఫిన్లండులో, ఓర్చుకోగలిగినంతమేర మామూలు పనులు చేసుకున్నవాళ్ళే అందరికన్నా త్వరగా కోలుకున్నారు. 2023 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాతబడిన నడుం నొప్పికి వ్యాయామమూ, నొప్పి గురించి తెలియజెప్పడమూ ముందు చెప్పింది. నడుంబెల్టులూ, బరువులు కట్టి లాగడాలూ మామూలుగా వద్దంది. (మా అటకమీద రెండు బెల్టులున్నాయి, ఎవరికైనా కావాలా?) నన్ను బాగుచేసింది కూడా ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నేర్పిన నాలుగు కదలికలూ, రోజూ నడకే.

అలాగని అన్నిటికీ నడకే మందు కాదు సుమండీ. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం అదుపు తప్పినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరంతోపాటు మనిషి చిక్కిపోతుంటే వెన్నుక్షయ కావచ్చు, దాన్నీ చూపించుకోవాలి. మనకైతే ఆటో పిలిస్తే వస్తుంది. ఆ కొండల్లో రోడ్డులేని గూడేలు ఇంకా ఉన్నాయి. నడవలేని మనిషిని కర్రకు గుడ్డ కట్టి, డోలీలో ఇద్దరు భుజాన వేసుకుని దిగాలి. ఆ మోసేవాళ్ళ నడుముల సంగతి మళ్ళీ వేరే.

పొద్దువాలేసరికి సంతామె మిగిలిన సరుకూ, కొన్న ఉప్పూ మూటకట్టింది. "ఓ సెయ్యెయ్యమ్మా" అంది. మోకాళ్ళు వంచి, మూట ఒంటికి దగ్గరగా పట్టి, ఆ అమ్మాయి నేర్పినట్టే ఎత్తాను. అబ్బ, ఎంత బరువో! ఆమె దాన్ని నెత్తిన సర్దుకుని, ఒక చేత్తో నడుం పట్టుకుని, కొండదారి ఎక్కసాగింది.